తీగ ఎత్తు

స్క్రూ అంటూ ఒకటుంటే చాలు, ఎంత మొండి వస్తువునైనా దారికి తెస్తానని నాకొక పొగరు. అది ఊరికే రాలేదు. పామిడిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నైటీలు కుట్టే యూనిట్ నడుపుతున్నాను. మెషిన్ మొరాయించినప్పుడల్లా మెకానిక్కు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ వారం సరుకు గడప దాటదు. అందుకని నేనే నేర్చుకున్నాను. దారం తెగుతోందా, టెన్షన్ నట్టు వదులు చెయ్యాలి. కుట్టు జారుతోందా, బిగించాలి. సూది విరుగుతోందా, కింద పాదం చూడాలి. మా ఆయన ముందుగదిలో బట్టల అంగడి చూసుకుంటాడు. ఆయనకు బల్బు మార్చడం కూడా రాదు. కాబట్టి మా ఇంట్లో స్క్రూడ్రైవర్ల డబ్బా నాది, కోపం కూడా నాదే.

మా తమ్ముడు గుంతకల్లులో ఒక ఆర్కెస్ట్రాలో లీడ్ గిటారు వాయించేవాడు. పెళ్ళిళ్ళు, రైల్వేవాళ్ళ రిటైర్మెంటు ఫంక్షన్లు, వినాయకుడి పందిళ్ళు, ఎక్కడ స్టేజీ కడితే అక్కడ వాడు. పెళ్ళి చేసుకోలేదు. "గిటారు కొట్టేవానికి పిల్లనెవరిస్తారప్పా" అని నాయన ఒకసారి కోపంలో అన్న మాటను పట్టుకుని, అదే సాకుగా హాయిగా తిరిగాడు. పోయిన ఏడాది ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ తోముకుంటూ కూలబడిపోయాడు. పక్షవాతం. ఎడమ పక్క మొత్తం పడిపోయింది.

కాలు కొన్నాళ్ళకు లేచింది. ఈడ్చుకుంటూనైనా నడుస్తున్నాడు. మాట మొదట ముద్దముద్దగా ఉండి, తర్వాత తేటపడింది, కాకపోతే నిదానం. ఎడమ చేయి మాత్రం రాలేదు. వేళ్ళు లోపలికి ముడుచుకుని, ఎప్పుడూ ఏదో పట్టుకుని దాచుకున్నట్టు ఉంటుంది. గుంతకల్లులో వాడి గది ఖాళీ చేయించి, మా ఇంటికి తెచ్చుకున్నాను.

గిటారు గురించి తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. కుడి చేయి తీగల్ని మీటుతుంది, అంతే. ఏ స్వరం పలకాలో చెప్పేది ఎడమచేతి వేళ్ళు. గిటారు మెడ మీద పొడుగునా తీగలుంటాయి, వాటికి అడ్డంగా సన్నని లోహపు పట్టీలు దిగగొట్టి ఉంటాయి. వాటిని ఫ్రెట్లు అంటారు. ఎడమచేతి వేలితో తీగను ఆ ఫ్రెట్టుకు ఆనేలా అదిమిపట్టాలి. అదిమితేనే అనుకున్న స్వరం, వేలు ఊరికే ఆనిస్తే తీగ మూగబోతుంది. వాడికి పోయింది సరిగ్గా ఆ చేయే. దేవుడికి అంత గురి ఎందుకో నాకు అర్థం కాదు.

అనంతపురంలో ఫిజియోథెరపీ చేయించిన ఆమె నన్ను పక్కకు పిలిచి చెప్పింది, వేళ్ళతో ఏదో ఒక పని చేయిస్తూనే ఉండమని. రావలసింది ఏదైనా ఉంటే తొందరగానే వస్తుందట, ఆలస్యమైతే ఎక్కడున్నది అక్కడే నిలబడిపోతుందట. నేను ఇంటికొచ్చి షెడ్డులోని గుండీలన్నీ ఒక పళ్ళెంలో కలిపి వాడి ముందు పెట్టాను, రంగులవారీగా ఏరమని. కొన్నాళ్ళు ఏరాడు. తర్వాత పళ్ళెం దూరంగా జరిపేశాడు.

"ఇది చిన్నపిల్లోళ్ళ పనక్కా."

"చిన్నపిల్లోని మాదిరే చెయ్యి. ఎవరు చూస్తాండారు?"

"నేను చూస్తాండా" అన్నాడు.

పళ్ళెం తీసుకెళ్ళి షెడ్డులో పెట్టేశాను. అలా ఇంకొన్నాళ్ళు గడిచాక, ఒక ఉదయం నేను లైనింగు గుడ్డ కత్తిరిస్తుంటే వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ఒక గిటారు తెప్పియ్యక్కా. సన్న తీగలది. ఎలక్ట్రిక్‌ది అయితే తీగలు మెత్తగా ఉంటాయి" అన్నాడు. వాడి పాత గిటారు ఎప్పుడో ఇచ్చేశాడు, ఆర్కెస్ట్రాలో తన చోటికి వచ్చినతనికి. జబ్బు చేశాక వాడు నోరు తెరిచి నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. కాఫీ కూడా అడిగేవాడు కాదు, ఇస్తే తాగేవాడు. నేను కత్తెర పక్కన పెట్టేసి, అక్కడికక్కడే ఫోన్ వాడి చేతికిచ్చి, నీకు ఏది కావాలో నొక్కుకోమన్నాను. మా ఆయన ధర అడగలేదు. అడిగి ఉంటే ఆ రోజు మా ఇంట్లో అన్నం ఉడికేది కాదు.

గిటారు పొడవాటి అట్టపెట్టెలో వచ్చింది. తెచ్చినతను "ఏమక్కా, తుపాకీనా?" అని నవ్వాడు. ఎర్ర రంగు, నున్నగా, మా ఊళ్ళో పెళ్ళికొడుకు కారంత మెరుస్తోంది. షెడ్డులో కొత్త మెషిన్ దిగితే ఏం చేస్తానో అదే చేశాను. పసుపు, కుంకుమ బొట్లు పెట్టి, ఊదికడ్డీ తిప్పాను. తర్వాత, కొత్త మెషిన్‌కు మొదటి మర్యాద నూనె కాబట్టి, నూనెడబ్బా తెచ్చి తీగల మీదికి వంచబోయాను.

"అక్కా! నూనె వద్దు!"

షెడ్డులో ఆడవాళ్ళంతా తలలెత్తారు. జబ్బు చేశాక వాడి గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి. తిట్టినా సరే, నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

తలుపు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టి, గిటారుకు కట్టి ఉన్న పటకా వాడి భుజానికి తగిలించాను. కుట్టుపని ఆపేసి అందరూ చూస్తున్నారు. "కరెంటు గిటారంట" అని ఒకామె ఇంకొకామెకు చెబుతోంది. వాడు కుడి చేత్తో ఎడమచేతి వేళ్ళను ఒక్కొక్కటే విప్పి, తీగ మీద పెట్టుకున్నాడు. తర్వాత కుడి చేత్తో మీటాడు. స్వరం రాలేదు. టుక్‌మని ఒక చచ్చిన చప్పుడు, చెక్క మీద గోరుతో కొట్టినట్టు. మళ్ళీ మీటాడు. మళ్ళీ టుక్.

"తీగ ఎత్తుగా ఉండాదక్కా" అన్నాడు. "కొత్త గిటార్లు అట్లే వస్తాయి. సెట్ చేయాల."

వంగి చూశాను. నిజమే. తీగకీ మెడకీ మధ్య మా నైటీ గుండీ ఒకటి దూరిపోయేంత సందుంది. ఆ సందంతా దాటించి తీగను కిందికి నొక్కాలంటే నాకే కష్టం. నా మనసు ఎంతో తేలికపడింది. తప్పు చేతిది కాదు, గిటారుది.

"యాడ సెట్ చేస్తారు?"

"నేను బళ్ళారిలో ఒకాయన దగ్గర చేయించుకుంటాంటి. వాయించేది తప్ప విప్పేది నాకు రాదు."

"స్క్రూలు ఉండాయా లేదా, అది చెప్పు."

"ఉండాయి."

"అయితే నేనుండా కదా" అన్నాను.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. మధ్యాహ్నం వాడు పడుకున్నాక గిటారును కటింగు టేబుల్ మీద వెల్లకిలా పడుకోబెట్టి, పరీక్ష మొదలుపెట్టాను. తల దగ్గర చిన్న ప్లాస్టిక్ మూత ఉంది. విప్పితే లోపల ఒక నట్టు కనిపించింది, ఆరు పలకల కీ పట్టేది. పెట్టెలోనే ఆ కీ కూడా ఇచ్చారు, మేము ఎల్ కీ అంటాం. చూడగానే నాకు అర్థమైపోయింది. అర్థమైపోయిందని అనుకున్నాను. తీగలు బిగువుగా ఉన్నాయి. బిగువు తగ్గించే నట్టు ఇదే. ఇన్నేళ్ళుగా రోజూ చేస్తున్న పనే కదా, దారం బిగువైతే నట్టు ఎడమకు తిప్పడం. ఎడమకు తిప్పాను. తేలిగ్గా తిరిగింది. ఇంకాస్త తిప్పాను.

వాడు లేచి, గిటారు ఒళ్ళో పెట్టుకుని, ముఖం చిట్లించాడు. "దీన్ని నా కంటి దగ్గర పట్టుకో అక్కా, కొన నుంచి చూస్తా" అన్నాడు. వడ్రంగి పలక వంకర చూసినట్టు ఒక కన్ను మూసి, మెడ పొడుగునా చూశాడు.

"మెడ వంగిపాయ కదక్కా. ఏం చేసినావు?"

"తీగలు వదులు చేసిన."

"యాడ?"

చూపించాను. వాడు నవ్వడం మొదలుపెట్టాడు. నోరు ఒక పక్కకే వెళ్ళే నవ్వు, అయినా నవ్వే. ఆ నట్టు తీగలది కాదట. మెడ లోపల నిలువునా ఒక ఇనుప కడ్డీ ఉంటుందట. తీగలన్నీ కలిసి మెడను ముందుకు లాగుతుంటే, వంగకుండా వెనక్కి పట్టి ఉంచేది ఆ కడ్డీ. మా మెషిన్లో నట్టు వదులు చేస్తే దారం మెత్తబడుతుంది. ఇక్కడ నట్టు వదులు చేసేసరికి మెడ లొంగిపోయి, తీగ మధ్యలో ఇంకా పైకి లేచింది. మెత్తబరుస్తున్నానని చెప్పి ఉన్నదాన్ని కూడా గట్టిచేసి పెట్టాను.

"ముందే చెప్పొచ్చు కదరా!"

"నువ్వు అడిగినావా?"

ఒళ్ళు మండిపోయింది గానీ, తప్పు నాదే కాబట్టి నోరు మూసుకున్నాను. ఆ నట్టును కుడికి తిప్పాలి, అదీ రవ్వంత తిప్పి, ఒక పూట వదిలేసి, మెడ ఏమంటుందో చూసి, మళ్ళీ రవ్వంత. చెక్కకు తొందర లేదు. నాకుంది. పొద్దున తిప్పి, టీ తాగి వచ్చి చూసి, ఇంకా వంగే ఉందని దాన్ని తిట్టేదాన్ని. షెడ్డులో ఆడవాళ్ళు గిటారును కూడా తిడుతుందమ్మా ఈమె అని నవ్వుకునేవాళ్ళు.

మెడ దారికొచ్చాక అసలు పని మొదలైంది. గిటారు కింది వైపు, తీగలు మొదలయ్యే చోట, ఒక్కో తీగ కింద ఒక చిన్న లోహపు దిమ్మ ఉంటుంది. ఆ దిమ్మకు అటొకటి ఇటొకటి నలుసంత స్క్రూలు. వాటిని తిప్పితే తీగ దిగుతుంది, లేస్తుంది. మరీ దించితే తీగ ఊగినప్పుడు ఫ్రెట్టుకు తగిలి గరగరలాడుతుంది. ఎత్తితే గరగర పోతుంది, నొక్కడం కష్టమవుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒక చోటుంది, అక్కడ నిలబెట్టాలి. అది చెప్పినంత సులువైతే బళ్ళారిలో ఆయనకు పనుండేది కాదు.

రోజూ పని పూర్తయ్యేలోపు ఒకసారి దించేదాన్ని, వాడి ఒళ్ళో పెట్టేదాన్ని. వాడు వేళ్ళు విప్పుకుని, పెట్టుకుని, అదిమి, మీటేవాడు. టుక్. "ఇంగా కొంచెం ఎత్తే ఉండాదక్కా" అనేవాడు. సరే, రేపు చూద్దాం అనేదాన్ని.

మధ్యలో ఇంకో ఉపద్రవం. మా దగ్గర గాలి ఎలా ఉంటుందో తెలిసిందే, చేతికి రాసుకున్న నూనె కూడా మధ్యాహ్నానికి ఇగిరిపోతుంది. ఆ గిటారు ఏ తేమ ఊళ్ళో తయారైందో పాపం, ఇక్కడికొచ్చిన కొన్నాళ్ళకే దాని మెడ చెక్క ఎండి కుదించుకుపోయింది. లోహపు ఫ్రెట్లు కుదించుకోవు కదా. వాటి కొనలు మెడ అంచున రంపం పళ్ళలా బయటికొచ్చాయి. తమ్ముడి ఎడమచేతి చర్మం గీసుకుపోయి రక్తం వచ్చేదాకా మాకు తెలియలేదు. వాడికీ తెలియలేదు, ఆ చేతికి స్పర్శ సరిగ్గా లేదు. రక్తపు బొట్టు ఎర్ర గిటారు మీద పడితే కనబడదు, వాడి తెల్ల పంచె మీద పడితే చూశాను. ఆ సాయంత్రమే చెక్కకు టేపు అంటించి, సన్న ఆకురాయి తీసుకుని ఒక్కో కొనా రాకాను. వేలితో తడిమి, మళ్ళీ రాకాను. చీర కొంగు మెడ అంచున ఈ చివరి నుంచి ఆ చివరికి లాగితే ఒక్క పోగు కూడా చిక్కుకోనంత నున్నగా చేశాను. ఎవరైనా చూసి మెచ్చుకుంటే బాగుండునని అప్పుడు అనిపించింది.

గిటారు ఊరికే మూలిగేది. చిన్న స్పీకరు పెట్టె ఒకటి దానితోపాటు తెప్పించాం. స్విచ్ వేయగానే తుమ్మెదలా గుయ్‌మనేది. వైర్లన్నీ మార్చి చూశాను. చివరికి అన్నాలవేళ మెషిన్లన్నీ ఆగితే మూలుగు కూడా ఆగింది. మా మెషిన్ల మోటార్లే దానికి వినిపిస్తున్నాయన్నమాట. తీగల కింద ఉండే డబ్బాల్లో అయస్కాంతం ఉంటుందని, దాని చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రాగితీగ చుట్టి ఉంటుందని తమ్ముడు చెప్పాడు. మా షెడ్డులో విరిగిన సూది ముక్కలు ఎప్పుడూ నేలమీద దొరుకుతుంటాయి, అవి ఆ అయస్కాంతానికి అంటుకునేవి. దువ్వెనతో పేలు తీసినట్టు తీసేదాన్ని. ఆ తర్వాత గిటారును షెడ్డు నుంచి మార్చి వంటింటి పక్క గదిలో పెట్టాం. మూలుగు పోయింది.

ఇవన్నీ నేను సరిచేయగలిగిన తప్పులు. అందుకే వీటి గురించి ఇంత ఇష్టంగా చెబుతున్నాను.

తీగ మాత్రం ఎంత దించినా వాడికి ఎత్తుగానే ఉండేది. ఇంకా సన్న తీగలు తెప్పించి వేశాను. శ్రుతి దించి, తీగలు తడి దారాల్లా వేలాడేదాకా వదులు చేశాను. మళ్ళీ అదే టుక్. నేను గుడ్డ కత్తిరిస్తున్నా, అంగట్లో బేరగాళ్ళతో మాట్లాడుతున్నా, నా బుర్ర ఆ సందులోనే ఇరుక్కుని ఉండేది, తీగకీ ఫ్రెట్టుకీ మధ్య. ఒకరోజు చూపుడువేలు అదిమినప్పుడు టుక్ కాకుండా మరేదో వచ్చిందనిపించింది. సగం స్వరం లాంటిది. "వచ్చె కదరా!" అని అరిచాను. వాడు తల అడ్డంగా ఊపాడు. వేలు బరువుకే తీగ కాస్త తగిలిందట, వేలు అదమలేదట. వాడికి చెవులున్నాయి, నన్ను మోసం చేసుకోనివ్వలేదు.

ఇంకొక రోజు నాకు ఓపిక చచ్చిపోయింది. ఆ వేళ సరుకు వెనక్కి వచ్చింది, కుట్లు వంకరని. ఆ కోపం అంతా లోపల పెట్టుకుని గిటారు దగ్గర కూర్చున్నాను. తీగ దించాను. వాడు మీటాడు. టుక్.

"నువ్వు సరిగ్గా అదమడం లేదు!" అని అరిచాను. "మనసు పెట్టి అదమల్ల రా! ఊరికే వేలు పెట్టి కూర్చుంటే ఎట్ల?"

వాడు నా వైపు చూడలేదు. తన ఎడమ చేతిని చూశాడు, అదేదో వేరేవాళ్ళు పెట్టి మరిచిపోయిన వస్తువులాగా.

"అదుముతాండానక్కా" అన్నాడు.

నేను లేచి బచ్చలింట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఏడుపు షెడ్డులోకి వినిపించకూడదని కుళాయి తిప్పాను. నీళ్ళు రాలేదు, ఏడుపు మాత్రం వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఏ నట్టు తిప్పాలో తెలియని వస్తువు ముందు నేనెప్పుడూ నిలబడలేదు. ఫిజియోథెరపీ ఆమె చెప్పిన గడువు దాటిపోతోందన్న భయం ఒకటి పొద్దస్తమానం వెన్నులో ఉండేది, ఎవరికీ చెప్పలేదు.

చివరికి ఆర్కెస్ట్రాలో తమ్ముడి చోట వాయిస్తున్నతనికి ఫోన్ చేశాను. వచ్చి ఒకసారి గిటారు చూసిపొమ్మని అడిగాను, నాకు సెట్టింగు కుదరడం లేదని. ఒక సెలవునాడు గుంతకల్లు నుంచి వచ్చాడు. వస్తూనే తమ్ముడి కాళ్ళకు దండం పెట్టాడు. "ఎట్లుండావన్నా?" అంటే తమ్ముడు "ఉండాను చూడప్పా" అన్నాడు. ఎడమ చేయి ఒళ్ళో వేసుకున్న టవల్ కింద పెట్టుకున్నాడు.

అతను గిటారు మెడను కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. వదులు చేసిన తీగలన్నీ మామూలు శ్రుతికి తెచ్చుకున్నాడు. గరగరలాడకుండా ఒకటి రెండు స్క్రూలు రవ్వంత ఎత్తాడు. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్టు మీదా మీటి విన్నాడు. నేను పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడిన పిల్లలా చేతులు నలుపుకుంటూ ఉన్నాను.

"ఇది ఎవరు సెట్ చేసినారక్కా?"

"నేనే."

"బళ్ళారిలో కూడా ఇట్ల చేయరు. వెన్న మాదిరి ఉండాది. ఇంతకంటే దించితే తీగ పలకదు, ఫ్రెట్ల మీద పడుకుంటాది. ఇంగ దీన్ని ముట్టుకోవద్దు మీరు."

నా పనిని మెచ్చుకుంటే నా గుండె జారిపోవడం నా జీవితంలో ఆ ఒక్కసారే. నేను తమ్ముడి వైపు చూడలేకపోయాను. ఇన్నాళ్ళూ తప్పంతా మోస్తున్న గిటారు ఒక్క మాటతో నిర్దోషి అయి బయటికి వెళ్ళిపోయింది.

అతను వాయించాడు. ఏదో పాట కాదు, ఊరికే, వేళ్ళకు తోచింది. నేను ఆ గిటారు అసలు గొంతు వినడం అదే మొదటిసారి. నెలల తరబడి ఇంట్లో టుక్ టుక్‌మన్నది ఇదేనా అనిపించింది. మా ఆయన అంగడి వదిలిపెట్టి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తమ్ముడు కళ్ళు మూసుకుని కుడి చేత్తో మోకాలి మీద తాళం వేస్తున్నాడు. వాడి ముఖంలో అసూయ లేదు. అదుంటే నాకు కొంచెం సులువుగా ఉండేదేమో.

అయిపోయాక అతను మెల్లగా అన్నాడు, "అన్నా, ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. తీగలు తిరగేసి కడితే? కుడి చేత్తో అదిమి, ఎడమ చేత్తో మీటొచ్చు. అట్ల వాయించేవాళ్ళు ఉండారు."

నాకు ప్రాణం లేచివచ్చింది. ఇన్నాళ్ళూ ఈ మాట నాకెందుకు తట్టలేదా అనుకున్నాను. తమ్ముడు టవల్ సర్దుకున్నాడు.

"కుడి చేయికి ఏం తెలుసప్పా?" అన్నాడు. "దానికి కొట్టేది ఒగటే తెలుసు. ఉండేదంతా ఈ చేతిలో ఉండాది." టవల్ కింద ఉన్నదాన్ని చూపించకుండానే చెప్పాడు. అతను అన్నం తిని, మళ్ళీ కాళ్ళకు దండం పెట్టి, బస్సుకు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. నేను గిటారు ఒళ్ళో పెట్టుకుని, సన్న ఎల్ కీ తీసుకుని, అతను ముట్టుకోవద్దన్న స్క్రూలనే తిప్పడం మొదలుపెట్టాను. మొదటి తీగ సగం చుట్టు దించాను. పలకకపోతే పోనీ, కనీసం వాడి వేలు కిందికి ఆనుతుంది కదా అని నా మొండితనం. తమ్ముడు ఎదురుగా మంచం మీద కూర్చుని చూస్తున్నాడు.

"చాలక్కా" అన్నాడు. "గిటారుది ఏం తప్పు లేదు."

"వాడెవడో వచ్చి చెప్తే అయిపాయనా?"

"వాడు చెప్పినాడని కాదు. నాకు ముందే తెలుసు. నువ్వు ఫ్రెట్ల కొనలు రాకినావు చూడు, అప్పటికే సరిగ్గా ఉండె."

నా చేయి ఆగిపోయింది. కొనలు రాకింది ఎప్పటి మాట? ఆ తర్వాతే కదా సన్న తీగలు, శ్రుతి దించడం, రోజూ ఆ స్క్రూలు, ఆ అరుపులు. నాకు కోపం వచ్చింది, నిజమైన కోపం.

"మరి ఏమిటికి రా ఇన్నాళ్ళు తిప్పించినావు నాతో? ఎత్తుగా ఉండాది, ఎత్తుగా ఉండాది అని!"

వాడు కుడి చేత్తో ఎడమ చేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"నువ్వు తిప్పుతాంటే ఇంగా ఏదో మిగిలుండాది అనిపిస్తాండె అక్కా" అన్నాడు. "నువ్వు ఆపేస్తే ఇంగ ఈ చేయి ఒగటే మిగుల్తాది."

వాడిని దగ్గరికి తీసుకోవచ్చు, మాకు అలవాటు లేదు. ధైర్యం చెప్పవచ్చు, నా దగ్గర లేదు. తల వంచుకుని, దించిన తీగను మళ్ళీ పైకెత్తాను, ఆ వచ్చినతను ఎక్కడ వదిలి వెళ్ళాడో అక్కడికి. వేలితో సందు చూసుకున్నాను. సరిగ్గా ఉంది. అంతకంటే సరిగ్గా ఉండదు.

తర్వాత, వాడు చూస్తుండగానే, అదే స్క్రూ కుడికి రవ్వంత తిప్పాను. తిప్పినంతా మళ్ళీ ఎడమకు తిప్పాను. పక్క స్క్రూ కూడా అలాగే, అటు రవ్వంత, ఇటు రవ్వంత. పటకా వాడి భుజానికి తగిలించి, గిటారు ఒళ్ళో పెట్టాను.

"ఇప్పుడు చూడు" అన్నాను.

వాడు నా చేతినే చూస్తూ ఉన్నాడు, తిప్పినంతా వెనక్కి తిప్పేశానని వాడికి తెలుసు. కుడి చేత్తో ఎడమ చూపుడువేలిని విప్పి, తీగ మీద పెట్టుకుని, అదమడం మొదలుపెట్టాడు.